అథ్లెటిక్స్ స్కౌట్ పిల్లల్లో ఏం చూస్తాడు? మండల మీట్ నుంచి ఎంపిక దాకా

1990లో ఆసియా క్రీడలకు ముందు వెయిట్‌లిఫ్టింగ్ జాతీయ శిబిరం నడుస్తోంది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి ఒకరు దానికి ఎంపికయ్యారు. ఆమెకు తోడుగా చెల్లెలు కూడా వచ్చింది. చెల్లెలి పేరు ఏ జాబితాలోనూ లేదు. అయినా ఒలింపిక్ విజేత లియోనిద్ తరనెంకో కళ్లు ఆమె మీదే పడ్డాయి. నాలుగు కదలికలు చేయించి చూసి, ఈ పిల్లను బెంగళూరు శిక్షణకు పంపండి అన్నారు. పదేళ్ల తర్వాత సిడ్నీలో ఒలింపిక్ కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి ఆ చెల్లెలే. భారత మహిళల్లో అదే తొలి ఒలింపిక్ పతకం.

ఈ కథ విన్నవాళ్లు అదృష్టం అంటారు. చూసే కన్ను ఉన్న మనిషి ఆ రోజు అక్కడ ఉండటం వరకూ అదృష్టమే, ఒప్పుకుంటాను. ఆ కన్ను ఎలా పనిచేస్తుందన్నది మాత్రం నేర్చుకోగలిగిన విద్య. జిల్లాల్లో పనిచేసే పీఈటీలు, కోచ్‌లు, పిల్లల్ని ట్రయల్స్‌కు తీసుకెళ్లే తల్లిదండ్రుల కోసం ఆ విద్యను మెట్టు మెట్టుగా రాస్తున్నాను.

ఐపీఎల్ జట్లకు, యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బులకు జీతమిచ్చి పెట్టుకున్న స్కౌట్‌లు, అంటే ప్రతిభ ఉన్న ఆటగాళ్లను వెతికి పట్టేవాళ్లు ఉంటారు. మన అథ్లెటిక్స్‌లో ఆ పేరుతో ఉద్యోగాలు అరుదు. బడి పీఈటీ, జిల్లా కోచ్, శాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కోచ్, స్పోర్ట్స్ స్కూల్ ఎంపిక కమిటీ, వీళ్లే మన స్కౌట్‌లు. ఉదాహరణగా అథ్లెటిక్స్‌నే తీసుకోవడానికి కారణం ఉంది. ఇక్కడ అంతా అంకెల్లో కనిపిస్తుంది కాబట్టి ఎంపిక సులువని అందరూ అనుకుంటారు. తీరా చూస్తే ఆ అంకెలే ఎక్కువ మోసం చేస్తాయి.

1. ఎవరి కోసం వెతుకుతున్నారో ముందు తేల్చుకోండి

మీట్‌కు బయల్దేరే ముందే ఒక ప్రశ్నకు జవాబు ఉండాలి: ఈ ఏడాది జిల్లా జట్టుకు పతకం తెచ్చే పిల్ల కావాలా, ఇరవై రెండేళ్ల వయసులో దేశానికి పరిగెత్తే పిల్ల కావాలా? రెండూ వేర్వేరు వెతుకులాటలు. మొదటిదానికి ఫలితాల పట్టిక చాలు, మైదానం దాకా వెళ్లక్కర్లేదు. స్కౌట్ పని రెండోది.

తర్వాత, ఏ గుణం శిక్షణతో వస్తుంది, ఏది పుట్టుకతో ఎక్కువగా రావాలి అన్నది గుర్తు పెట్టుకోండి. స్టార్టింగ్ బ్లాక్స్ వాడటం, హర్డిల్ దాటే పద్ధతి, జావెలిన్ పట్టు, ఇవన్నీ నేర్పవచ్చు. ఓపిక కూడా శిక్షణతో బాగా పెరుగుతుంది. పాదం నేలను తాకి వెంటనే ఎగిరే చురుకు, శరీర నిష్పత్తులు, వీటిని మార్చడం చాలా కష్టం. అందుకే నేర్పలేనిదాన్ని వెతకండి. నేర్పగలిగినది లేదని పిల్లను వదిలేయకండి.

2. ఎక్కడ చూడాలి

స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు మండలం నుంచి జిల్లాకు, అక్కడి నుంచి రాష్ట్రానికి వెళ్తాయి. చాలామంది కోచ్‌లు రాష్ట్ర మీట్‌కు మాత్రమే వస్తారు. అప్పటికే జల్లెడ పట్టేసి ఉంటుంది. ఆ జల్లెడలో మిగిలేది ఎక్కువగా వయసుకు మించి ఎదిగిన పిల్లలు, స్పైక్స్ (ముళ్ల బూట్లు) కొనుక్కోగలిగిన పిల్లలు, మంచి పీఈటీ ఉన్న బడి పిల్లలు. మండల మీట్‌లో సున్నం గీతల మధ్య వట్టి కాళ్లతో పరిగెత్తి మూడో స్థానంలో వచ్చిన పిల్ల రాష్ట్ర మీట్‌లో కనపడదు. ఓపిక ఉంటే మండల మీట్‌కే వెళ్లండి.

అథ్లెటిక్స్ సమాఖ్య నిర్వహించే జాతీయ అంతర్ జిల్లా జూనియర్ మీట్‌ను కోచ్‌లు నిడ్‌జామ్ అంటారు. దేశం నలుమూలల నుంచి జిల్లా జట్లు ఒకేచోటికి వస్తాయి కాబట్టి ప్రతిభ వేటకు అంతకన్నా పెద్ద వేదిక మనకు లేదు. అక్కడ పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు విడి ఈవెంట్ల బదులు ఎక్కువగా పరుగు, గెంతు, ఇంకో అంశం కలిపిన ట్రయథ్లాన్ పెట్టడం నా దృష్టిలో మంచి పని. పన్నెండేళ్ల పిల్లకు ఒకే ఈవెంట్ ముద్ర వేయకుండా అది ఆపుతుంది, స్కౌట్‌కు ఒకే పిల్లను మూడు కోణాల్లో చూసే వీలిస్తుంది.

గురుకులాలను మర్చిపోకండి. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో, ఏడు అంశాలు కలిపిన హెప్టాథ్లాన్‌లో 5712 పాయింట్లతో కాంస్యం గెలిచిన అగసర నందిని తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అమ్మాయి. ఖోఖో, కబడ్డీ కోర్టుల పక్కన కూడా కాసేపు నిలబడండి. ఖోఖోలో తరిమే పిల్ల మొదటి మూడు అడుగుల్లో అందుకునే వేగం, ఒక్కసారిగా ఆగి తిరగడం చూస్తే స్ప్రింట్స్‌కు, గెంతులకు ఎవరు పనికొస్తారో చాలావరకు తెలిసిపోతుంది.

3. మైదానంలో ఎలా చూడాలి

కొత్తవాళ్లు ఫినిష్ లైన్ దగ్గర నిలబడతారు. అక్కడ తెలిసేది ఎవరు ముందొచ్చారన్నదే, అది సాయంత్రం కాగితం మీద ఎలాగూ దొరుకుతుంది. వంద మీటర్ల పరుగులో మీరు యాభై మీటర్ల దగ్గర, ట్రాక్‌కు పక్కగా, కాస్త దూరంగా నిలబడండి. పిల్లలు తమ గరిష్ఠ వేగాన్ని అందుకునేది ఇంచుమించు అక్కడే. ఫైనల్ కన్నా హీట్స్ (ఫైనల్‌కు ముందు జరిగే వడపోత పరుగులు) మీద ఎక్కువ దృష్టి పెట్టండి. హీట్స్‌లో పక్క లేన్ల వాళ్లు బలహీనంగా ఉన్నప్పుడు పిల్ల ఎలా పరిగెడుతోంది, ఫైనల్లో గట్టి పోటీ వచ్చినప్పుడు ఎలా మారుతోంది, ఈ తేడాలో చాలా సంగతి ఉంటుంది.

ముందు పాదం చూడండి. నేలను తాకగానే మడమ కూలబడుతోందా, లేక పాదం ముందు భాగం మీదే నిలిచి వెంటనే లేస్తోందా? వట్టి కాళ్లతో మట్టి మీద పరిగెత్తే పిల్లల్లో ఇది బాగా కనిపిస్తుంది. కళ్లు మూసుకుని వినండి కూడా. ధబ్ ధబ్ మని బరువుగా వినిపించే పరుగుకూ, టక్ టక్ మని తేలిగ్గా వినిపించే పరుగుకూ తేడా పదిమంది పరిగెత్తేసరికి మీ చెవికే పట్టుబడుతుంది.

తర్వాత తుంటి. వేగం అందుకున్నాక తుంటి పైనే నిలబడుతోందా? కుర్చీలో కూర్చుని పరిగెత్తుతున్నట్టు కిందికి జారితే దానికి రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి బలం తక్కువ కావడం, అది శిక్షణతో సర్దుకుంటుంది. రెండోది ఈ మధ్యే కాళ్లు ఒక్కసారిగా పొడవు పెరగడం, ఇది కాలంతో సర్దుకుంటుంది. ఆ క్షణంలో ఏదో తేల్చేయకుండా పుస్తకంలో రాసుకోండి.

ఆఖరి ఇరవై మీటర్లలో ముఖం చూడండి. దవడ బిగుసుకుని, భుజాలు చెవుల దాకా లేస్తే ఆ పిల్ల వేగాన్ని బలవంతంగా నిలబెట్టుకుంటోందని అర్థం. చెంపలు వదులుగా ఊగుతూ అదే వేగంతో లైన్ దాటితే ఆ పిల్ల దగ్గర ఇంకా మిగులు ఉంది. చేతులు ఛాతీకి అడ్డంగా ఊగడం లాంటివి చూసి పెదవి విరవకండి, అవి నెలరోజుల పని.

పరుగు అయిపోయాక కూడా చూపు తిప్పకండి. ఓడిన పిల్ల ఏం చేస్తోంది? ఏడవడం తప్పేమీ కాదు. ఏడ్చి, మొహం కడుక్కుని, మధ్యాహ్నం లాంగ్ జంప్‌కు వచ్చి నిలబడిందా అన్నదే చూడాలి.

పుస్తకంలో బిబ్ నంబరు, లేన్, కాళ్లకు ఏముంది, ట్రాక్ పొడిగా ఉందా తడిగా ఉందా, ఎండ ఎంత, ఇవన్నీ రాయండి. "బాగా పరిగెత్తింది" అని మాత్రం రాయకండి. ఇంటికెళ్లాక ఆ ముక్క దేనికీ పనికిరాదు.

4. కొలవడం

కళ్లతో ఇష్టపడ్డ పిల్లను కొలిచి చూడాలి, కళ్లు తప్పించుకున్న పిల్లను కొలత పట్టివ్వాలి. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ తరహా ప్రవేశ పరీక్షల్లో ఉండేవి దాదాపు ఇవే: ఎత్తు, బరువు, 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్, నిలబడి ముందుకు దూకే స్టాండింగ్ బ్రాడ్ జంప్, వర్టికల్ జంప్, షటిల్ రన్, మెడిసిన్ బాల్ (బరువైన బంతి) విసరడం, వంగే శక్తి, 800 మీటర్ల పరుగు. ఇవి ఖరీదైనవేమీ కావు. టేపు, స్టాప్‌వాచ్, మెడిసిన్ బాల్ ఉంటే ఏ బడిలోనైనా పెట్టొచ్చు. అయితే పెట్టే తీరులో తేడా వస్తే వచ్చిన అంకెలకు విలువ ఉండదు.

అన్నిటికన్నా ఎక్కువ తప్పు జరిగేది టైమింగ్‌లో. మండల మీట్‌లో స్టార్టర్ విజిల్ ఊదుతాడు, వంద మీటర్ల అవతల టైమ్‌కీపర్ ఆ శబ్దం విని వాచ్ నొక్కుతాడు. శబ్దం వంద మీటర్లు రావడానికి సెకనులో దాదాపు మూడో వంతు పడుతుంది. అంటే విజిల్ ఊదిన కాసేపటికి గానీ వాచ్ మొదలవడం లేదు, టైమ్ ఆ మేరకు తగ్గిపోతోంది. అందుకే జెండా దించడమో, క్లాపర్ చెక్కలు మూయడమో చూసి నొక్కాలి, విని నొక్కకూడదు. సరిగ్గా చూసి నొక్కినా చేతి టైమ్ ఎలక్ట్రానిక్ టైమ్ కన్నా తక్కువే వస్తుంది. వంద మీటర్ల చేతి టైమ్‌ను ఎలక్ట్రానిక్ టైమ్‌తో పోల్చేటప్పుడు 0.24 సెకను కలపడం ఆనవాయితీ. "మా వాడు 11.2 పరిగెత్తాడు సార్" అని తండ్రి చెబితే, ఆ అంకె ఏ వాచ్‌ది, ఏ ట్రాక్‌ది అని మర్యాదగానే అడగండి.

పెద్ద స్థాయిలోనూ ఇదే జాగ్రత్త. విశాఖపట్నం హర్డిలర్ జ్యోతి యర్రాజి 2020లో మూడబిద్రిలో 13.03 సెకన్లలో పరిగెత్తినా డోప్ పరీక్ష జరగకపోవడంతో అది రికార్డుగా నిలవలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 వస్తే వెనక గాలి సెకనుకు 2.1 మీటర్లు ఉంది, పరిమితి 2.0 కాబట్టి అదీ లెక్కలోకి రాలేదు. చివరికి ఆ మే నెలలో సైప్రస్‌లోని లిమసోల్‌లో నిబంధనల ప్రకారం 13.23 పరిగెత్తి, 2002 నుంచి అనురాధా బిస్వాల్ పేరిట ఉన్న 13.38 జాతీయ రికార్డును దాటింది. కాగితం మీద మూడింట్లో నెమ్మదైన అంకే రికార్డు పుస్తకంలోకి ఎక్కింది.

30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్ అంటే, పిల్ల ముందే ఇరవై, ముప్పై మీటర్లు పరిగెత్తుకుంటూ వచ్చి పూర్తి వేగంతో కొలత గీత దాటడం. స్టార్ట్ నేర్చుకున్నవాళ్లకూ నేర్చుకోనివాళ్లకూ తేడా లేకుండా అసలు వేగం బయటపడుతుంది కాబట్టి నాకు అన్ని పరీక్షల్లో ఇదే ఇష్టం. రెండు గీతల దగ్గర పొడవాటి కర్రలు పాతి, పక్క నుంచి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్‌లో ఫ్రేములు లెక్కపెట్టుకుంటే చేతి వాచ్ కన్నా ఎంతో నిక్కచ్చిగా వస్తుంది. మూడుసార్లు పరిగెత్తించి, మధ్యలో ఊపిరి పూర్తిగా కుదుటపడనివ్వండి.

స్టాండింగ్ బ్రాడ్ జంప్‌లో గీత నుంచి వెనకగా పడిన మడమ దాకా కొలవాలి, కాలి వేళ్ల దాకా కాదు. చిన్న సంగతే కానీ, ఒకచోట వేళ్ల దాకా, ఇంకోచోట మడమ దాకా కొలిచి ఇద్దరు పిల్లల్ని పోల్చడం చాలాచోట్ల జరుగుతూనే ఉంటుంది.

ఎత్తుతో పాటు కూర్చున్నప్పటి ఎత్తు, చాచిన చేతుల పొడవు కూడా రాసుకోండి. ఎత్తు తెలిసిన బల్ల మీద వీపు నిటారుగా కూర్చోబెట్టి నెత్తి దాకా కొలిచి, బల్ల ఎత్తు తీసేస్తే సరి. ఎందుకో వచ్చే మెట్టులో తెలుస్తుంది.

5. అసలు వయసు, ఒంటి వయసు

ఎంపికలో జరిగే పొరపాట్లలో పెద్ద వాటా ఇక్కడిదే, అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

మొదటిది కాగితం మీద వయసు. పాత స్కూల్ రిజిస్టర్లు తిరగేసినవాళ్లకు తెలుసు, సగం తరగతి జూన్‌లోనే పుట్టినట్టు ఉంటుంది. బడిలో వేసేటప్పుడు సార్ రాసిన తేదీ అది. ఇప్పుడు జనన ధ్రువపత్రాలు వచ్చినా, క్రీడల కోసం వయసు దించే అలవాటు ఇంకా పోలేదు. ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదలను బట్టి వయసు అంచనా వేసే టీడబ్ల్యూ3 పద్ధతిని క్రికెట్ బోర్డు జూనియర్ స్థాయిలో వాడుతోంది. అదీ అంచనానే, ఒకే వయసు పిల్లల ఎముకలు కూడా వేర్వేరు వేగంతో ఎదుగుతాయి. స్కౌట్‌గా మీరు పోలీసు పని చేయనక్కర్లేదు. ధ్రువపత్రం ఎప్పుడు జారీ అయిందో చూడండి, అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల వయసులు మాటల్లో అడగండి, లెక్క పొసగకపోతే రాసుకోండి.

రెండోది, కాగితం నిజమే అయినా జనవరిలో పుట్టిన పిల్లకూ డిసెంబరులో పుట్టిన పిల్లకూ దాదాపు ఏడాది తేడా. ఇద్దరూ ఒకే విభాగంలో పోటీ పడతారు. కెనడా ఐస్ హాకీలో ఏడాది మొదటి నెలల్లో పుట్టిన ఆటగాళ్లే ఎక్కువగా ఎంపికవుతున్నారని 1980ల్లోనే గమనించారు. ఆ తర్వాత చాలా ఆటల్లో అదే కనబడింది. మీ జిల్లా జట్టు పుట్టిన నెలలు ఒకసారి కాగితం మీద వేసి చూడండి, మీ ఎంపిక ఎటు మొగ్గుతోందో మీకే తెలుస్తుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం, ఒంటి ఎదుగుదల. అమ్మాయిలు సుమారు పన్నెండేళ్లకు, అబ్బాయిలు సుమారు పద్నాలుగేళ్లకు అత్యంత వేగంగా పొడవు పెరుగుతారు. ఇది సగటు మాట. ఒక అబ్బాయికి పన్నెండున్నరకే వస్తుంది, పక్కవాడికి పదిహేనున్నరకు గానీ రాదు. పద్నాలుగేళ్ల విభాగంలో వీళ్లిద్దరూ పక్క పక్క లేన్లలో నిలబడితే మనం చూసేది పిల్లవాడికీ యువకుడికీ మధ్య పందెం. ముందే ఎదిగినవాడు గెలుస్తాడు, ఎంపికవుతాడు, మంచి కోచింగ్ వాడికే దక్కుతుంది. పదిహేడేళ్లకు మిగతావాళ్లు అందుకున్నాక "వాడు ఆగిపోయాడు" అంటారు. వాడు ఆగలేదు. మొదట్లో వాడికి ఉన్నది ముందస్తు ఎదుగుదల, దాన్ని మనం ప్రతిభ అనుకున్నాం.

దీన్ని అంచనా వేసే పద్ధతులు ఉన్నాయి. ఇప్పటి ఎత్తు, బరువు, వయసు, తల్లిదండ్రుల సగటు ఎత్తు తీసుకుని పెద్దయ్యాక ఎంత ఎత్తు అవుతారో చెప్పే ఖామిస్ రోష్ పద్ధతి ఒకటి. అది అమెరికా పిల్లల లెక్కల మీద కట్టినది కాబట్టి మన పిల్లలకు అచ్చుగుద్దినట్టు సరిపోతుందని అనుకోకండి. కూర్చున్నప్పటి ఎత్తు, కాళ్ల పొడవు, వయసు కలిపి వేగంగా పెరిగే దశకు ఇంకెంత దూరంలో ఉన్నారో చెప్పే సూత్రం ఇంకొకటి. మామూలుగా కాళ్లు ముందు పెరుగుతాయి, మొండెం తర్వాత అందుకుంటుంది. ఈ లెక్కలేవీ వద్దనుకుంటే మూడు నెలలకోసారి ఎత్తు కొలిచి గ్రాఫ్ గీయండి, అదే చాలా చెబుతుంది. ఆరు నెలల్లో ప్యాంటు పొట్టిదైందా, చెప్పుల సైజు మారిందా అని తల్లిని అడిగినా సగం సంగతి బయటికొస్తుంది.

ఒక ఊహా ఉదాహరణ చెప్తాను. జిల్లా మీట్‌లో పదమూడేళ్ల అమ్మాయిలు ఇద్దరు. మొదటి అమ్మాయి వంద మీటర్లు 13.4లో పరిగెత్తి గెలిచింది. ఐదడుగుల మూడంగుళాలు, ఏడాదిగా ఎత్తు పెరగడం దాదాపు ఆగిపోయింది, రెండేళ్లుగా అకాడమీలో శిక్షణ, కాళ్లకు స్పైక్స్. రెండో అమ్మాయి 14.1లో నాలుగో స్థానం. నాలుగడుగుల పదంగుళాలు, ఎదుగుదల ఇప్పుడిప్పుడే మొదలైంది, తల్లీ తండ్రీ ఇద్దరూ పొడగరులు, శిక్షణ లేదు, వట్టి కాళ్లు. పాదం నేల మీద ఆగడం లేదు, ఆఖర్లో ముఖం వదులుగానే ఉంది. నేనైతే మొదటి అమ్మాయికి చప్పట్లు కొట్టి, రెండో అమ్మాయి ఇంటి అడ్రస్ అడుగుతాను. అలాగని ఆలస్యంగా ఎదిగే ప్రతి పిల్లా ఛాంపియన్ అవుతుందని కాదు. మొదటి అమ్మాయి 13.4కు కారణాలు మనకు కనిపిస్తున్నాయి. రెండో అమ్మాయి 14.1కు సాయం చేసినవి ఏవీ లేవు.

6. ఎంతకాలం నేర్చుకుంది, ఎంత త్వరగా నేర్చుకుంటుంది

పానిపట్‌లో బొద్దుగా ఉన్న ఒక కుర్రాడు బరువు తగ్గడానికి స్టేడియానికి వెళ్లేవాడు. జావెలిన్ విసిరే జైవీర్ చౌధరీ అతని చేతికి ఈటె ఇచ్చి చూస్తే, శిక్షణ ఏమీ లేకుండానే నలభై మీటర్లకు విసిరాడు. ఆ కుర్రాడు నీరజ్ చోప్రా. 2012లో లక్నో జూనియర్ పోటీల్లో 68.40 మీటర్లు విసిరాడు. జైవీర్ చూసిన నలభై మీటర్లు రికార్డుల్లో ఎక్కే దూరం కాదు. నేర్పకుండా వచ్చిన నలభై కాబట్టి దానికి విలువ.

అందుకే ప్రతి అంకె పక్కన శిక్షణ ఎన్ని నెలలో రాయండి. తర్వాత అక్కడికక్కడే ఒక చిన్న పరీక్ష పెట్టొచ్చు. పిల్లను పక్కకు పిలిచి ఒక్కటంటే ఒక్క సూచన ఇవ్వండి. "మోచేతిని వెనక్కి కొట్టు, ముందుకు అదే వస్తుంది" లాంటిది. మూడుసార్లు పరిగెత్తించండి. మొదటిసారి అతి చేస్తుంది, రెండోసారి మర్చిపోతుంది, మూడోసారి ఒంటికి కాస్త పట్టించుకుంటుంది, అలాంటి పిల్ల దొరికితే గట్టిగా గుర్తు పెట్టుకోండి. సూచన విని తల ఊపి, మూడుసార్లూ పాత పరుగే పరిగెత్తితే వెంటనే కొట్టేయకండి, భయం వల్ల కావచ్చు. పీఈటీని పక్కన నిలబెట్టి ఇంకోసారి ప్రయత్నించండి.

ఒక్క చూపుతో తేల్చడం స్కౌట్‌కు తగదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు తేలికపాటి శిక్షణ ఇప్పించి మళ్లీ కొలవండి. చేతి వాచ్‌తో 30 మీటర్లలో 0.1 సెకను మెరుగుదల కనిపిస్తే సంబరపడకండి, అది మీ బొటనవేలి తేడా కావచ్చు. బ్రాడ్ జంప్‌లో కొలిచే పొరపాటు తక్కువ, పెరిగితే నమ్మొచ్చు.

7. ఈ ఈవెంటేనా, ఇంకోటా?

జ్యోతి యర్రాజి చదువుకున్న విశాఖ పోర్టు హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పొడవు చూసి హర్డిల్స్‌కు పనికొస్తుందని గుర్తించారు. నందిని 2021లో నైరోబిలో జరిగిన ప్రపంచ అండర్ 20 పోటీల్లో హర్డిలర్. హెప్టాథ్లాన్‌కు మారింది ఆ తర్వాతే, కోచ్ నాగపురి రమేశ్ దగ్గర. రెండేళ్లు తిరిగేసరికి ఆసియా పతకం. ఈవెంట్ మార్చగలగడం స్కౌట్ పనిలో సగం. లాంగ్ జంప్‌లో ఐదో స్థానం వచ్చిన పిల్ల 800 మీటర్లలో కూడా తేలిగ్గా పరిగెత్తి, మెడిసిన్ బాల్ బాగా విసిరితే, ఆమెకు ఒక్క ఈవెంట్ వెతకడం మానేసి హెప్టాథ్లాన్ లాంటి కంబైన్డ్ ఈవెంట్స్ గురించి ఆలోచించండి.

కొలతల గీత మరీ గట్టిగా గీయడమూ ప్రమాదమే. 2007లో బ్రిటన్ పొడగరుల కోసం స్పోర్టింగ్ జెయింట్స్ పేరుతో వేట మొదలుపెట్టింది. మహిళలకు కనీసం 180 సెంటీమీటర్లు ఉండాలన్నారు. హెలెన్ గ్లోవర్ కాస్త పొట్టి, కొలిచేటప్పుడు మునివేళ్ల మీద లేచి నిలబడి గట్టెక్కింది. అంతకుముందు రోయింగ్ చేయని ఆమె 2012 లండన్‌లో, తర్వాత రియోలో రోయింగ్ స్వర్ణాలు గెలిచింది. కటాఫ్‌కు దగ్గరలో ఆగిపోయిన పిల్లల పేర్లు వేరే కాగితం మీద ఉంచుకోమని చెప్పేది ఇందుకే.

8. ఇల్లు, ఆరోగ్యం

800 మీటర్లలో ఆఖరి రెండు వందల మీటర్లు చతికిలబడే అమ్మాయిని చూసి "ఓపిక లేదు" అని రాసే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. పన్నెండేళ్లు దాటిన అమ్మాయికి 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే మీరు కొలిచింది ఆమె శక్తిని కాదు, రక్తం కొరతను. డాక్టర్ సలహాతో మందులు, మంచి తిండి పడ్డాక మళ్లీ పరిగెత్తించండి. పీహెచ్‌సీలో అయ్యే చిన్న పరీక్ష ఇది. ఎంపిక ఫారాల్లో ఇంకా ఎందుకు తప్పనిసరి చేయరో నాకు అర్థం కాదు.

ఇంటికి వెళ్లండి, లేదా కనీసం ఫోన్లో మాట్లాడండి. హాస్టల్‌కు పంపుతారా, చదువు ఆగిపోతుందన్న భయం ఉందా, పెళ్లి సంబంధాల మాట అప్పుడే మొదలైందా? తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు ఒలింపిక్స్ కబుర్లు వద్దు. "అమ్మా, పదో తరగతి పరీక్షలు మా హాస్టల్ నుంచే రాయిస్తాం, నెలకోసారి ఇంటికి పంపుతాం" లాంటి మాటలే వాళ్లకు కావాలి. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవంజి దీప్తి పరుగును ముందు బడి పీఈటీ పట్టుకున్నారు, తర్వాత నాగపురి రమేశ్ హైదరాబాద్‌కు రప్పించారు. కూలి పని చేసుకునే ఆ ఇంట్లో బస్సు చార్జీలు కూడా సమస్యే. 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్లలో ఆమె 55.82 సెకన్లతో కాంస్యం గెలిచింది. ప్రతిభ దొరికాక టికెట్ డబ్బు దగ్గర ఆగిపోయే పిల్లలు ఎందరో. మీ పుస్తకంలో ఒక గడి దీనికీ కేటాయించండి: ఈ పిల్ల ట్రయల్స్‌కు ఎలా వస్తుంది, తోడు ఎవరు?

ఖేలో ఇండియాలో ఎంపికైన పిల్లలకు నెలకు పదివేల రూపాయల చేతి ఖర్చు అందుతుంది. 2024లో మొదలైన కీర్తి కార్యక్రమం 9 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ప్రతిభా పరీక్షలు పెడుతోంది. ఈ సంగతులు తల్లిదండ్రులకు మీరే చెప్పాలి, ఎందుకంటే "సెలెక్షన్ గ్యారంటీ, యాభై వేలు కట్టండి" అనే దళారులు మీకన్నా ముందే చేరుకుంటారు. డబ్బు అడిగేవాడు స్కౌట్ కాడని వాళ్లకు తేటతెల్లంగా చెప్పండి. మీ వైపు నుంచి కూడా పద్ధతి పాటించండి. వీడియో తీసే ముందు పెద్దల అనుమతి తీసుకోండి, అమ్మాయిల కొలతలు మహిళా టీచర్ చేత తీయించండి, ఒంటరిగా ఏ పిల్లనూ ఎక్కడికీ పిలవకండి.

9. రాతలో పెట్టడం, తేల్చడం

రిపోర్టు ఒక పేజీ దాటనక్కర్లేదు. కళ్లతో చూసినది, కొలిచినది, ఇంకా తెలియనిది, ఈ మూడూ విడివిడిగా రాయండి. "తుంటి జారుతోంది" అన్నది చూసినది. "బలం తక్కువ" అన్నది మీ ఊహ. రెంటినీ ఒకే వాక్యంలో కలిపేస్తే చదివే కోచ్ మీ ఊహనే నిజమనుకుంటాడు.

వీలైతే ఇంకో కోచ్ చేత విడిగా చూపించండి, మీ అభిప్రాయం ముందే చెప్పకండి. ఛాంపియన్ తమ్ముడనో, పేరున్న అకాడమీ టీషర్ట్ వేసుకున్నాడనో మన కళ్లు ఒకవైపు ఒరుగుతాయి. మన ఊరి నుంచి వచ్చిన పిల్ల అయితే ఇంకా ఒరుగుతాయి. ఇద్దరి అభిప్రాయాలు వేరైతే మంచిదే, మూడోసారి చూడటానికి కారణం దొరికినట్టు.

తీసుకోని పిల్లలకు కారణం చెప్పండి. "పనికిరావు" అనే మాట వద్దు. "నీ ఎదుగుదల ఇంకా మొదలవలేదు, వచ్చే ఏడాది జిల్లా మీట్‌లో మళ్లీ చూస్తాను, అప్పటిదాకా వారానికి మూడు రోజులు ఖోఖో ఆడు" లాంటి మాట చెప్పి, పేరు, పుట్టిన తేదీ, ఎత్తు, పీఈటీ ఫోన్ నంబరు రాసుకోండి. ఆ జాబితాను వచ్చే ఏడాది మీట్ షెడ్యూల్ రాగానే తీసి, ఒక్కొక్క పీఈటీకీ ఫోన్ చేసి ఆ పిల్ల ఇంకా పరిగెత్తుతోందా, ఎంత పొడవు పెరిగింది అని అడగండి. కొందరు ఆటే మానేసి ఉంటారు. కొందరి ఎత్తు విని మీరు వెంటనే బస్సు టైమ్ అడుగుతారు.